పూడిన గీతలు

ఇంజనులో నూనె పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి భద్రాచలం మేస్త్రీకి కళ్ళతో పని లేదు. బెజవాడ ఆటోనగర్‌లో తన రేకుల షెడ్డు కింద, లారీ పొట్ట కింద వెల్లకిలా పడుకొని, అడుగు నట్టు ఒక చుట్టు వదులు చేసి, జారిన చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి రుద్దేవాడు. రుద్దేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఆ కాసేపూ షెడ్డులో ఎవరూ మాట్లాడేవారు కాదు. లారీ డ్రైవరు బీడీ పొగ కూడా లోపలే ఆపుకునేవాడు. తరువాత తీర్పు వచ్చేది.

"మెత్తగానే ఉంది. ఇంకో ట్రిప్పు తిప్పుకో."

లేకపోతే, "ఇసక తగులుతోంది. బేరింగు అరుగుతోంది. ఇయ్యాల కదిలించావా, రేపు నడిరోడ్డు మీద దాన్ని నువ్వే తోసుకోవాల."

ఆయన కూతురు వకుళకు ఊహ తెలిసిననాటి నుంచీ ఇదంతా తెలుసు. బడి వదలగానే తిన్నగా షెడ్డుకు వచ్చేది. తండ్రి ఆమె వేలి మీద కూడా ఒక చుక్క వేసి, "చెప్పు, ఎట్టా ఉంది?" అనేవాడు.

"నల్లగా ఉంది."

"కళ్ళతో చెప్పమన్నానా? వేలితో చెప్పు."

గౌను నిండా మరకలతో ఇంటికి వెళితే తల్లి సీతారత్నం గుమ్మంలోనే నిలబెట్టేది. "దాన్ని కూడా లారీ కింద పడుకోబెట్టుకోండి. సాయంత్రానికి తండ్రినీ కూతుర్నీ ఒకే తొట్లో కిరసనాయిలు పోసి కడుగుతాను" అనేది.

ఆ రోజుల్లో సర్వీసింగంటే ఇంట్లో పురుడు లాంటిది. లారీ షెడ్డులోకి వచ్చిందంటే రెండు మూడు రోజులు కదలదు. డ్రైవరుకు అక్కడే వంట, అక్కడే పడక. హెడ్డు దించి మసి గీకేవారు, వాల్వులు నూరేవారు, టాపెట్ల సందులో సన్నని రేకు పెట్టి అది ఎంత బిగువుగా జారుతోందో వేళ్ళతో చూసి మర బిగించేవారు. తరువాత బళ్ళు మారాయి. కార్బురేటర్లు పోయాయి. ఇంజను మీద ప్లాస్టిక్ మూత వచ్చింది, బానెట్టు ఎత్తినా లోపలేముందో కనిపించదు. తీగ తగిలిస్తే తప్పేమిటో తెర మీద అంకెల్లో పడుతుంది. భద్రాచలం ఆ స్కానరూ కొన్నాడు, దాని భాషా నేర్చుకున్నాడు. అది చెప్పింది చదివి, "సరే, నీ మాట విన్నా. ఇక నన్నొకసారి చూడనీ" అని దానితో చెప్పి, చుక్క రుద్దేవాడు. చాలాసార్లు ఇద్దరి మాటా ఒకటే అయ్యేది.

ఆ తరువాత కరెంటు బళ్ళు వచ్చాయి. వాటికి నూనే అక్కర్లేదు. ఆటోనగర్‌లో సగం షెడ్లు బ్యాటరీ దుకాణాలయ్యాయి. దూరాలు తిరిగే లారీలు, వరికోత యంత్రాలు, కొల్లేటి చేపల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పే డీజిలు ఇంజన్లు మాత్రం ఇంకా నూనె తాగుతున్నాయి. వాటి కోసం భద్రాచలమూ, ఆయన జతగాడు మస్తాన్‌వలీ మిగిలారు.

"కంపెనీవాడు బిగించిన ఇంజనుని అవసరం లేకుండా విప్పటం ఊరికే కడుపు కొయ్యటం లాంటిది" అనేవాడు భద్రాచలం. "మళ్ళీ ఎంత బాగా కుట్టినా అది మొదటి ఒళ్ళు కాదు. విప్పకుండా తెలుసుకోవాలనే దేవుడు వేళ్ళిచ్చాడు."

వకుళ రసాయనశాస్త్రం చదివి, లోహాల మీద పరిశోధన చేసి, గన్నవరం దారిలోని ఒక ప్రైవేటు పరిశోధనశాలలో చేరింది. అక్కడ ఆమె పట్టుకున్న సమస్య చిన్నప్పుడు వేలికి తగిలిందే. నూనెలో ఇసక ఎందుకు తగలాలి? లోహం అరిగి రజనుగా రాలేలోపే, గీత పడిన చోటికి నూనే వెళ్ళి దాన్ని పూడ్చేస్తే?

అలాంటి నూనె తయారు చేయడానికి ఆమెకు తొమ్మిదేళ్ళు పట్టింది.

*

మొదటి డబ్బా తెచ్చి షెడ్డులో మూత తీసిన రోజు మస్తాన్‌వలి తొంగిచూసి, "ఇదేందమ్మాయ్, గంధం తీసుకొచ్చావా? పెళ్ళెవరికి?" అన్నాడు. నూనె లేత పసుపు రంగులో, చిక్కగా, నిజంగానే అరగదీసిన గంధంలా ఉంది. ఆ రోజు నుంచి ఆటోనగర్‌లో దానికి అదే పేరైంది.

"దీంతో ఇంజను అరగదు బాబాయ్."

"అరగకపోతే మేం ఏం తినాలి?"

"అరగకుండా ఎట్టా ఉంటుంది?" అని భద్రాచలం లేచాడు. మూలనున్న పాత డీజిలు ఇంజనులోంచి లైనరు బయటికి తీశాడు. పిస్టను పైకీ కిందికీ ఆడే గొట్టం అది. దాని లోపలి గోడ మీద మేకుతో అడ్డంగా ఒక గీత గీశాడు. గీస్తుంటే పళ్ళు జివ్వుమన్నాయి. మళ్ళీ బిగించి, వకుళ తెచ్చిన నూనె పోసి, పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా ఇంజను తిప్పి ఆపాడు. అన్నం తినకుండానే విప్పి చూశాడు.

గీత లేదు. అది ఉన్న చోట గోడ మిగతా గోడలాగే మెరుస్తోంది.

వకుళ వివరించబోయింది. నూనెలో కంటికి ఆనని రేణువులున్నాయి. రాపిడి, వేడి, గీత, ఈ మూడూ ఎక్కడ కలిస్తే అక్కడికి అవి చేరుతాయి. గీతలో కూర్చుని ఒకదాన్నొకటి పట్టుకొని గట్టిపడతాయి. తండ్రి సగమే విన్నాడు. చేయి లైనరు లోపల పెట్టి, కళ్ళు మూసుకొని, గీత ఉన్నచోటు వెతుకుతున్నాడు. దొరకలేదు. బయటికి తీసిన చేతికి అంటిన నూనెను వేళ్ళ మధ్య రుద్దాడు. చాలాసేపు రుద్దాడు.

"వెన్న" అన్నాడు చివరికి. ఆయన నోట ఆ మాట ఏ నూనె గురించీ ఆమె ఎన్నడూ వినలేదు. పీహెచ్‌డీ పట్టా అందుకున్నప్పుడు కూడా ఆమెకు అంత సంతోషం కలగలేదు.

ప్రయోగం కోసం పరిశోధనశాల ఆయన షెడ్డుకు వచ్చే లారీల్లో కొన్నింటికి ఆ నూనె పోయించింది. అడుగు నట్టుకు ఎర్ర సీలు వేశారు. లోపలి సెన్సరే అన్నీ చెబుతుంది గనుక ఎవరూ విప్పకూడదని షరతు. భద్రాచలం బుద్ధిగా తలూపాడు. వారం తిరక్కుండా వకుళ వచ్చి చూస్తే ఒక్క సీలూ మిగల్లేదు.

"నాన్నా, ఇదేమిటి?"

"చూడకుండా ఎట్టా నమ్ముతానమ్మా? నువ్వు పుట్టినప్పుడు డాక్టరమ్మ వచ్చి ఆడపిల్ల, బాగుంది అని చెప్పిందా? అయినా లోపలికెళ్ళి నీ చేతివేళ్ళూ కాలివేళ్ళూ లెక్కెట్టుకునే బయటికొచ్చాను."

మస్తాన్‌వలి పడీపడీ నవ్వాడు. వకుళకూ నవ్వొచ్చింది. ఈ సంగతి పరిశోధనశాలలో చెప్పాలి. చెబితే ప్రయోగంలోంచి నాన్న షెడ్డును తీసేస్తారు. నూనెకు వచ్చే నష్టమేముంది, ఒక చుక్కేగా అనుకొని, సంచిలోంచి కొత్త సీళ్ళు తీసి వేసి వెళ్ళిపోయింది. తరువాత ఎప్పుడు వచ్చినా సంచిలో సీళ్ళు కాస్త ఎక్కువగానే పెట్టుకొని వచ్చేది.

భద్రాచలం తనూ మస్తాన్‌వలీ రోజూ రుద్దడంతో ఆగలేదు. షెడ్డు ముందు నుంచి ఎవరు పోతున్నా కేకేసేవాడు. టైర్లవాడు, వెల్డింగువాడు, పక్క షెడ్ల మేస్త్రీలు, టీ తెచ్చే ఆయన, ఎవరినీ వదల్లేదు. "మా అమ్మాయి చేసింది. రుద్ది చూడు. ఏదీ, బాగా రుద్దు. ఎట్టా ఉంది?"

"వెన్నే మేస్త్రీ."

ఆ మాట వినడానికి ఆయన రోజుకు పదిమందినైనా పిలిచేవాడు.

*

దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం వకుళ ఇంటికి వచ్చేసరికి సీతారత్నం గుమ్మంలోనే అందుకుంది.

"రేషను దుకాణంలో మీ నాన్న వేలు పడలేదే. ఆ మిషను మీద నాలుగైదుసార్లు పెట్టించాడు డీలరు. పది వేళ్ళూ పెట్టించాడు. ఒక్కటీ పడలేదు. వెనక లైను లైనంతా మమ్మల్నే చూస్తోంది, దొంగతనానికొచ్చినట్టు."

"అరవై దాటినవాళ్ళకి వేలిముద్రలు అరిగిపోతాయమ్మా. అందులో నాన్న చేసే పని."

"డీలరూ అదే అన్నాడు. నాకూ అరవై దాటాయి, నా అంట్లు మీ నాన్న తోముతున్నాడా? నా వేలు పడిందిగా మరి" అంది సీతారత్నం. ఆవిడ అలవాటు అది. ఒక సంగతికి ఎవరైనా కారణం చెబితే, ఆ కారణాన్ని బియ్యంలా చేటలో పోసి ఒకసారి చెరిగి చూస్తుంది.

వకుళకు ఆలోచించే తీరిక లేదు. సంక్రాంతి వెళ్ళాక నూనెను మార్కెట్టులోకి వదలడానికి తేదీ పెట్టారు. చివరి అనుమతి పత్రం మీద సంతకం ఆమెదే. మిషన్లు పాడై ఉంటాయి, పోనీ కళ్ళు చూసే మిషను దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పి, ఫోనులో పడిపోయింది. ఆ మధ్యాహ్నం మస్తాన్‌వలి వాకిట్లో క్యారమ్స్ బోర్డు ముందు కూర్చుని, వరసగా మూడు కాయిన్లు తప్పి, స్ట్రయికరును తిట్టుకోవడం ఆమె కిటికీలోంచి విన్నది. ఆటోనగర్ మొత్తంలో ఆయన మీద గెలిచినవాడు లేడు.

"ముసలాడివైపోయావ్ వలీ" అంటున్నాడు తండ్రి.

"నేను కాదు, బోర్డు మొద్దుబారింది. కాయిన్ తగిలినట్టే లేదు."

ఆ మాట ఆమె చెవిన పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

తేదీ కొంచెం వెనక్కి జరిగింది. సంక్రాంతి పోయి శివరాత్రి వచ్చింది. ఈలోగా తల్లి ఫోనులో చెబుతూనే ఉంది. పొంగే టీ గ్లాసు వట్టి చేత్తో పట్టుకుంటున్నాడని, చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెడుతున్నాడని. "నరాల డాక్టరుకి చూపిద్దాంలే అమ్మా, ఈ పని ఒక్కటీ అవనీ" అనేది వకుళ. ప్రతిసారీ అదే అనేది.

శివరాత్రి వెళ్ళిన ఆదివారం సీతారత్నం శీలావతి చేప పులుసు పెట్టింది. రుచిగా ఉంటుంది గాని ఒళ్ళంతా ముళ్ళే. వకుళ పాపగా ఉన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో చేప ముళ్ళు తీసే పని భద్రాచలానిది. ఆయన ముక్క వంక చూడడు. ఎదురుగా ఉన్నవాళ్ళతో కబుర్లు చెబుతూ, వేళ్ళతో నలిపి, సూది లాంటి ముళ్ళను ఒక్కొక్కటే లాగి అంచున పెట్టి, మెత్తటి ముద్దను కూతురి పళ్ళెంలో వేస్తాడు. కూతురికి నలభై దగ్గర పడుతున్నా ఆ అలవాటు పోలేదు. ఆమె కూడా చూసుకోకుండానే నోట్లో పెట్టుకుంటుంది.

ఆ రోజు ముల్లు గొంతులో దిగింది.

కళ్ళ నీళ్ళు తిరిగాయి. సీతారత్నం పరుగున వచ్చి వట్టి అన్నం ముద్ద చేసి మింగించింది. రెండో ముద్దకు ముల్లు జారింది. దగ్గు తగ్గాక వకుళ పళ్ళెంలోకి చూసింది. తండ్రి తీసి ఇచ్చిన ముద్దలో ఇంకా నాలుగైదు ముళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి.

"తీశాను గదమ్మా" అన్నాడు భద్రాచలం. మళ్ళీ ముద్దలోకి వేళ్ళు పెట్టి నలిపాడు. ఒక ముల్లు చూపుడువేలి కొసలో నిలువుగా దిగి, చివర ఒణుకుతూ నిలబడింది. ఆయన నలుపుతూనే ఉన్నాడు.

"ఇదిగో, ఏం లేవు ఇందులో" అన్నాడు.

సీతారత్నం ఆయన చేయి పట్టుకొని, ముల్లు లాగి, కూతురి కేసి చూసింది.

వకుళ మనసులో రేషను మిషను, టీ గ్లాసు, క్యారమ్స్ బోర్డు, అన్నీ వరసగా వచ్చి ముల్లు పక్కన నిలబడ్డాయి. రాపిడి, వేడి, గీత. ఈ మూడూ ఎక్కడ కలిస్తే అక్కడికి చేరమని రేణువులకు నేర్పింది తనే. రుద్దే రెండు వేళ్ళ మధ్య ఉన్నవీ ఆ మూడే.

*

మరునాడు తండ్రిని పరిశోధనశాలకు తీసుకెళ్ళి ఆయన చూపుడువేలిని సూక్ష్మదర్శిని కింద పెట్టింది. లైనర్ల లోపలి గోడలను ఆమె వందలసార్లు ఆ తెర మీద చూసింది. వేలి కొస కూడా అలాగే ఉంది. గీతలన్నీ పూడిపోయి, సమంగా, అందంగా మెరుస్తోంది. పని బాగా జరిగిందని చెప్పే చిత్రం అది. ఏ సభలోనైనా చూపించి చప్పట్లు కొట్టించుకోవచ్చు.

"ఏం కనబడుతోంది?" అన్నాడు తండ్రి.

ఆమె తెరను ఆయన వైపు తిప్పింది.

రేణువులు చర్మపు గీతల్లో ఆగలేదు. చెమట రంధ్రాల గుండా లోపలికి దిగి, నరాల కొసల చుట్టూ పొర కట్టాయి. నొప్పి లేదు, వాపు లేదు. చేయి కదులుతుంది, స్పానరు పట్టుకుంటుంది, బరువు మోస్తుంది. వెంట్రుకకూ దారానికీ, ఇసకకూ వెన్నకూ తేడా మాత్రం చెప్పలేదు.

పరిశోధనశాల పెద్ద శ్రీకంఠ చెడ్డవాడు కాదు. చిత్రాలన్నీ ఓపికగా చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చర్మం మీద పరీక్షలు చేశాం గదా వకుళగారూ. దద్దుర్లు లేవు, మంట లేదు."

"పూసి ఉంచాం సార్. రుద్దలేదు."

"ఇది సీలు వేసిన ఇంజనులో ఉండే నూనె. మనిషి ముట్టుకోవాల్సిన అవసరమే లేకుండా చేశాం. అదే గదా దీని గొప్ప. చేతి తొడుగులు వేసుకోవాలని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాద్దాం."

"తొడుగు వేసుకుంటే వాళ్ళకి తెలియదు సార్. తెలుసుకోవడానికే ముట్టుకుంటారు. సీలు వేస్తే విప్పుతారు."

"మీకెలా తెలుసు?"

"నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు" అంది వకుళ. "తెలిసే ప్రతిసారీ కొత్త సీలు వేసి వచ్చాను."

శ్రీకంఠ చిత్రాలను ఒకటొకటిగా సర్ది పక్కన పెట్టాడు. తరువాత నెమ్మదిగా, వచ్చే వారం దేశమంతటా వెళ్ళవలసిన లారీల గురించి, పెట్టుబడి పెట్టినవారి గురించి, ఈ నూనె వల్ల తగ్గబోయే పొగ గురించి చెప్పాడు. ఏదీ అబద్ధం కాదు. ఆమె అన్నీ విన్నది. సంతకం చేయనని చెప్పింది. ఆమె సంతకం లేనిదే డబ్బాలు గోదాము దాటవు. తొమ్మిదేళ్ళ పని ఆ మధ్యాహ్నం అక్కడితో ఆగిపోయింది.

ఆపడం అంత తేలికైతే దీపావళికే ఆపవలసింది. వకుళ ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా ఒక్కచోటే తేలింది. పక్క షెడ్లవాళ్ళు నాలుగైదుసార్లు రుద్ది వదిలేశారు. వాళ్ళకు పై చర్మం ఊడి కొత్త చర్మం వచ్చేసరికి వేళ్ళు తిరిగొచ్చాయి. ఉగాది నాటికి వెల్డింగువాడు వేలు కాలి "అబ్బా" అని అరిచి, వెంటనే నవ్వాడు. రోజూ రుద్దినవాళ్ళకు పొర లోపలికి దిగింది. వేలు పడలేదని అమ్మ చెప్పిన రోజున ఆపి ఉంటే నాన్న కూడా "అబ్బా" అనేవాడేమో. ఆ పొరను కరిగించే మందు కోసం ఆమె ఇంకా వెతుకుతూనే ఉంది. లోహాన్ని వదలకుండా పట్టుకోవాలనే కదా దాన్ని చేసింది. నరాన్ని కూడా అలాగే పట్టుకుంది.

షెడ్డులో ఈ సంగతి చెప్పిన రోజు మస్తాన్‌వలి తన చేతులను ఎవరివో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "గంధం అన్నాను గదమ్మాయ్. పెళ్ళికనుకున్నా" అని లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజులు షెడ్డుకు రాలేదు. మూడో రోజు వచ్చి, ఏమీ జరగనట్టు టీ తెప్పించాడు. క్యారమ్స్ బోర్డును మాత్రం గోడ వైపు తిప్పి పెట్టాడు.

భద్రాచలం కూతుర్ని ఒక్క మాట అనలేదు. చెప్పులు వేసుకొని, షెడ్డు షెడ్డుకూ వెళ్ళాడు. "ఆ నూనె ముట్టుకోమాకండి. రుద్దమాకండి. నేనే తప్పు చెప్పాను" అని అందరికీ చెప్పి వచ్చాడు. వకుళ ఎదురు వెళ్ళి, "నాన్నా, తప్పు నాది" అంటే, "నువ్వు సీలేశావమ్మా. పిలిచి పిలిచి రుద్దించింది నేను" అన్నాడు. ఆమెకు తిట్టు కావాలనిపించింది. అది ఆ ఇంట్లో దొరకలేదు.

*

శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున డ్రైవరు సత్తిబాబు లారీ వచ్చింది. భద్రాచలం చేతి వైద్యం తప్ప ఇంకోటి ఎరగని లారీ అది. స్కానరు తీగ తగిలించడానికి చోటు కూడా లేనంత పాతది. లోపలున్నదీ మామూలు నూనే. కైకలూరులో చేపలు ఎత్తుకొని, ఐసు కప్పుకొని కలకత్తా పోతోంది.

"ఏలూరు దాటినప్పటి నుంచి ఏదో చప్పుడు మేస్త్రీ. నీకు చూపించాలనే బండి వెనక్కి తిప్పుకొచ్చా. ఒకసారి వినపడద్ది, ఒకసారి పోద్ది. చూసి పంపించెయ్. ఐసు కరిగిపోద్ది."

భద్రాచలం చెవి పెట్టి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. లారీ కింద పడుకొని అడుగు నట్టు వదులు చేసి, చుక్క పట్టాడు. రెండు వేళ్ళూ దగ్గరికి తెచ్చి, అక్కడే ఆగిపోయాడు.

"వకుళా, ఇటు రామ్మా."

ఆమె చీర చెంగు బొడ్లో దోపుకొని, చిన్నప్పటిలాగే లారీ కిందికి దూరింది. తండ్రి ఆమె వేలి మీద చుక్క వేశాడు.

"చెప్పు, ఎట్టా ఉంది?"

వకుళ కళ్ళు మూసుకొని రుద్దింది. నూనె గోరువెచ్చగా ఉంది. జారుతోంది. ఏదో తగులుతున్నట్టే ఉంది. అది ఇసకో, తన వేలి గీతలో. పాతికేళ్ళుగా ఆమె ఏ నూనెనూ తొడుగు లేకుండా ముట్టుకోలేదు. ఆ గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటికి ఏమీ తెలియదు.

"తెలియట్లేదు నాన్నా. ల్యాబుకు తీసుకెళితే రేపటికి చెబుతాను."

"రేపటికి చేపలు నాతో మాట్లాడతాయామ్మా?" అన్నాడు సత్తిబాబు పైనుంచి.

మస్తాన్‌వలి వంగి, "పోనీ పంపించేద్దాం మేస్త్రీ. ఏమీ ఉండదులే" అన్నాడు.

"ఉంటే? ఒరిస్సా కొండల్లో ఆగితే?" భద్రాచలం లారీ పొట్ట కేసి చూస్తూ కాసేపు అలాగే పడుకున్నాడు. "విప్పుదాం" అన్నాడు.

ఆయన నోట ఆ మాట అంత తొందరగా రావడం సత్తిబాబు ఎన్నడూ వినలేదు. నోట్లో బీడీ పెట్టుకొని వెలిగించడం మరిచిపోయాడు.

ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి దించి, ఒక బేరింగు మూత విప్పేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. లారీ వెనక నుంచి ఐసు నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. భద్రాచలం అరచేతిలో పట్టేంత ఆ బేరింగు రేకును బయటికి తీసి, పాత బనీను గుడ్డతో తుడిచి, అలవాటు చొప్పున బొటనవేలు దాని మీద పెట్టి, కళ్ళు మూసుకొని, ఈ చివర నుంచి ఆ చివరకు జరిపాడు. షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు.

ఆయన కళ్ళు తెరిచాడు. రేకును కూతురి చేతిలో పెట్టాడు.

ఆమె వేలితో తడిమింది. ఈసారి సందేహం లేదు.

"నున్నగా ఉంది నాన్నా. ఒక్క గీతా లేదు."

"అనవసరంగా విప్పాం" అన్నాడు భద్రాచలం.

మస్తాన్‌వలి ఇంజను బరువు మోసే రబ్బరు దిమ్మల దగ్గరికి వెళ్ళి కిందికి వంగి చూసి, "చప్పుడు ఇక్కడిది. ఈ దిమ్మ చీలింది" అన్నాడు. విప్పనవసరం లేని జబ్బు. ఇంజనును మళ్ళీ కుట్టడానికి ఇద్దరూ సామాను సర్దుకున్నారు. వకుళ రేకును తండ్రికి ఇవ్వబోయింది.

"ఉంచు" అన్నాడాయన. "దాన్నే రుద్దు. ఇసక తగిలినప్పుడు తేడా తెలియాలంటే ముందు ఈ నునుపు గుర్తుండాల. ఎటూ విప్పాం గదా."

వకుళ రేకు మీద ఒక చుక్క నూనె వేసి, కళ్ళు మూసుకొని మళ్ళీ రుద్దింది. తండ్రి పక్కనే గొంతుక్కూర్చుని, ఆమెకు ఏం తెలుస్తోందో కనబడుతుందేమోనని, ఆమె ముఖం వంకే కళ్ళు పెట్టి చూస్తున్నాడు.